సగం అద్దె మంచం

నేను కొట్టిన బేరాలన్నింటిలోకీ గొప్ప బేరం ఒక మంచం. దుబాయిలో విమానం దిగి అయిదు గంటలు కాకముందే, నెలకు ఎనిమిది వందల దిర్హాములు చెప్పిన మంచాన్ని నాలుగు వందలకు మాట్లాడుకున్నాను. సరిగ్గా సగం. కర్ణాటకలోని చింతామణి అంగళ్ళ వీధిలో మూడు తరాలుగా వ్యాపారం చేస్తున్న మా ఇంట్లో ఎవరూ, ఏ సరుకు మీదా, ఒక్క మాటతో సగం దించిన దాఖలా లేదు. నేను దించాను. ఎట్లా దించానో చెబితే మీరూ మెచ్చుకుంటారు. కొంచెం సేపు.

డేరా అనే పేటలో ఒక పాత భవనం, నాలుగో అంతస్తు. మూడు గదులు, రెండు బాత్‌రూములు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు. ఫ్లాటును తన పేరు మీద అద్దెకు తీసుకుని, మాకు మంచాల లెక్కన ఇచ్చేది ఒక కడప ఆమె. గల్ఫులో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి. వంటింట్లో చపాతీలు ఒత్తుతూనే, నా మొహం కూడా చూడకుండా ధర చెప్పింది.

"ఎనిమిది వందలు. కరెంటు, నీళ్ళు, గ్యాసు అన్నీ అందులోనే. తగ్గేది లేదు మ్మా."

"నాలుగు వందలకు ఏమి ఉండాదక్కా?"

"నాలుగు వందలకా?" అని నవ్వింది. "సగం మంచం ఉండాది."

ఆమె ఎగతాళికే అంది. నేను మాత్రం వెంటనే, "ఏ సగం?" అన్నాను.

ఆమె చపాతీ కర్ర ఆపింది. అప్పుడు నా మొహం చూసింది. కిటికీ పక్కన కింది మంచంలో ఉండే అమ్మాయికి రాత్రి డ్యూటీ అట. ఒక హోటలు లాండ్రీలో పని. పొద్దున ఏడున్నరకు వచ్చి పడుకుంటుంది, సాయంత్రం ఏడుకు లేచి పోతుంది. మొత్తం అద్దె కట్టలేక ప్రతి నెలా ఏడుస్తోంది. రాత్రి నాది, పగలు ఆమెది అంటే ఇద్దరికీ సగం సగం.

లెక్క నా బుర్రలో టకటకా పడిపోయింది. నేను వచ్చింది పని వెతుక్కోవడానికి. పని పగలు దొరుకుతుంది. పగలు పడుకోవడానికి ఎవరైనా దుబాయి దాకా వస్తారా? అవసరం లేని పగటికి నాలుగు వందలు ఎందుకు కట్టాలి? రెండు నెలల అద్దె ముందే చేతిలో పెడతాను, తిరిగి అడగను, కానీ దాని మీద ఒక బకెట్టు, ఒక మగ్గు ఇవ్వాలన్నాను. కడప అక్క డబ్బు లెక్కపెట్టుకుని, బకెట్టు తెచ్చి నా ముందర పెట్టి, "నీలాంటిది ఇంకొకతె వస్తే ఈ బిల్డింగే అమ్ముకోవాల నేను" అంది. మెచ్చుకోలు అనుకున్నాను.

నేను దుబాయికి ఎందుకు వచ్చానో ఇక్కడ చెప్పాలి. చిక్కబళ్ళాపురంలో బి.కామ్. చదివే మూడేళ్ళూ పొద్దున కాలేజీ, సాయంత్రం బస్సు దిగితే మా అంగడి గల్లా. పాసైన తర్వాత ఆరేళ్ళు ఆ గల్లా దగ్గర నేనే కూర్చున్నాను. కందిపప్పు ఏ ఊరిదో, ఎప్పటిదో నాలుగు గింజలు కొరికి చెప్పేదాన్ని. మా నాయన సరుకు కొనేటప్పుడు నా వైపు చూసి గాని తల ఊపేవాడు కాదు. అప్పుడు మా తమ్ముడు బెంగుళూరులో చేస్తున్న ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చాడు. అంగడికి గల్లా ఒకటే, దాని వెనక కుర్చీ ఒకటే. నన్ను లెమ్మని ఎవరూ అనలేదు. వాడు వచ్చి నిలబడ్డాడు, నేను లేచాను, తిరిగి కూర్చునేలోపు కుర్చీ వాడిది అయిపోయింది. పోట్లాడితే ఇచ్చేవాళ్ళే. అడిగి తీసుకునే కుర్చీ మీద కూర్చోబుద్ధి కాలేదు. అరవై రోజుల విజిటు వీసా తీసుకుని, "పని దొరికితే ఉంటాను, లేకపోతే వచ్చి తమ్ముడికి సరుకు చీటీలు రాసిస్తాను" అని చెప్పి విమానం ఎక్కాను. రెండో మాట కోపంతో అన్నది. ఆ మాట నిజమైపోతుందేమోనన్న భయం అరవై రోజులూ నా పక్కనే నడిచింది.

మొదటి పొద్దున ఏడున్నరకు గది తలుపు తీసుకుని ఒకమ్మాయి వచ్చింది. ముప్పై లోపే వయసు, వేళ్ళ చివర్లు సబ్బు నీళ్ళకు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మంచం మీద ఉన్న నన్ను చూసి, "లెయ్యక్కా, నా పొద్దు అయింది" అంది.

ఆ పలుకు వినగానే లేచి కూర్చున్నాను. "నీది యాడ?"

"బాగేపల్లి కాడ పరగోడు. నీది?"

"చింతామణి."

ఇద్దరం నవ్వాము. సముద్రం దాటి వచ్చి, మా ఊరి నుంచి రెండు బస్సులు మారితే చేరే ఊరి అమ్మాయితో ఒక మంచం పంచుకున్నాను. ఆమె తన దుప్పటి, తన దిండు పెట్టెలోంచి తీసి పరిచింది. నావి మడిచి నా పెట్టెలో పెట్టుకున్నాను. పరుపు ఇంకా నా ఒంటి వేడితో ఉందని ఆమె చేత్తో తట్టి చూసి, "చలికాలం అయితే బాగుంటాండె" అంది. పడుకున్న రెండు నిమిషాలకే నిద్రపోయింది. నేను ఫైలు చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

అప్పుడే తెలిసింది, బేరంలో నేను అడగడం మరిచినవి ఎన్నో. ఇంటర్వ్యూ పొద్దున పదికి ఉంటే పదకొండుకు అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం ఏడు దాకా ఎనిమిది గంటలు నా దగ్గర ఉంటాయి, వాటిని పెట్టుకోవడానికి చోటు ఉండదు. గదిలో మంచాలు తప్ప కుర్చీ లేదు. హాల్లో ముగ్గురు పడుకుంటారు. వంటింట్లో ఎక్కువసేపు నిలబడితే కడప అక్క ఉల్లిపాయలు చేతికిస్తుంది. బయట ఎండ. ఇంకేముంది, నడక. బస్సు, మెట్రో, షాపింగ్ మాల్, మళ్ళీ బస్సు. మాల్లో ఒకే బెంచీ మీద గంటకు మించి కూర్చుంటే ఎవరో చూస్తున్నట్టు ఉండేది. లేచి రెండో అంతస్తు బెంచీకి పోయేదాన్ని, అక్కడి నుంచి మూడుకు. కాళ్ళు ఆగితే మనసు పరిగెత్తేది, అందుకని కాళ్ళనే తిప్పేదాన్ని. సూపర్ మార్కెట్లో దూరి పప్పుల ధరలు, బియ్యం ధరలు చదివేదాన్ని, కిలోకు మన రూపాయల్లో ఎంత పడుతుందో కట్టి చూసి తిట్టుకునేదాన్ని. ఒకసారి నల్ల ద్రాక్ష కనిపించింది, ఇండియా అని చీటీ. చిక్కబళ్ళాపురం కాలేజీ గేటు ముందర బండి మీద అమ్మే ద్రాక్ష గుర్తొచ్చి, చేయి ఊరుకోక ఒక గుత్తి తీసి, అక్కడ నిలబడ్డ అమ్మాయిని "ఆఖరి ధర ఎంత?" అని అడిగాను. ఆమె పాపం మర్యాదగా చీటీని వేలితో చూపించింది.

ఇంకొకటి కూడా మరిచాను. వారానికి ఒక రజా. మంగళవారం రాత్రి పరగోడు అమ్మాయికి డ్యూటీ లేదు. పగలంతా పడుకుని లేచింది కాబట్టి నిద్ర రాదు గాని, మంచం మాత్రం తనకే కావాలంటుంది. ఆ సంగతి చెబితే కడప అక్క, "బేరంలో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది. ఆ మాట మా నాయన నోట్లోంచి వచ్చినట్టే ఉంది. మంగళవారాలు నేను హాల్లో చాప మీద.

మా నాయనకు ఫోను చేస్తే మాత్రం, "సగానికి కొట్టినాను నాయనా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"సరేమ్మా, మంచం దొరికింది. పని?"

"చూస్తాండా."

పంతొమ్మిదో రోజు పని దొరికింది. దొరికింది అనే రాస్తున్నాను, ఎందుకంటే అది నా చేతిలోకి వచ్చింది. డేరాలోనే, మేముండే చోటికి నడిచిపోయేంత దూరంలో, పప్పులు మసాలాలు టోకున అమ్మే పెద్ద కొట్టు. సేటు గుజరాతీ ముసలాయన. కొనుగోలు లెక్కలు చూసుకుని, వచ్చిన సరుకును పరీక్షించేవాళ్ళు కావాలట. నా ఫైలు తెరవనే లేదు. ముందర ఉన్న గోతంలోంచి ఎండుమిరపకాయలు గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు. విరిచి వాసన చూసి, తొడిమ చూసి, "గోతం మీద బ్యాడగి మిరప అని రాశారు గాని దీంట్లో వేరే కాయ కలిసింది, నూటికి పాతిక దాకా" అన్నాను హిందీలో. సేటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు నేను నచ్చాను. అది నాకు తెలిసింది. నా పతనానికి అదే మొదలు.

"జీతం ఎంత కావాలి?" అన్నాడు.

"మీరే చెప్పండి సేట్."

"రెండు వేల ఎనిమిది వందలు."

"నాలుగు వేలు."

"మూడు వేలు."

"మూడున్నర."

"మూడు వేలు, అమ్మా. రోజుకు రెండు చాయ్."

మూడు వేలంటే ఎగిరి గంతేయాల్సిన మాట. కానీ మూడు దగ్గర నిలబడ్డ మనిషి మూడుంబావుకు వస్తాడని నా ఒంట్లో ప్రతి నరమూ చెబుతోంది. ఫైలు తీసుకుని లేచాను. "సరే సేట్, వస్తాను" అని చెప్పి మెట్లు దిగాను.

మా వీధిలో అసలు బేరం మొదలయ్యేది అక్కడే. గిరాకీ మెట్టు దిగాలి. దిగి, వెనక్కి చూడకుండా, మరీ తొందరపడకుండా నడవాలి. మా అంగడి దాటితే స్టీలు సామాన్ల అంగడి, దాని తర్వాత చెప్పుల అంగడి, ఆ తర్వాత పూలమ్మే ఆమె. మా నాయన గల్లా వెనక కూర్చుని కదలకుండా చూస్తాడు. స్టీలు అంగడి దాటేదాకా పలకడు. చెప్పుల అంగడి దగ్గరికి పోయేసరికి, "అమ్మా! రా, తీసుకుపో!" అని కేకేస్తాడు. ఆమె ఇష్టం లేనట్టు తిరిగి వస్తుంది, ఈయన నష్టం వచ్చినట్టు తూకం వేస్తాడు. ఇద్దరికీ అవమానం లేదు, ఇద్దరికీ సంతోషమే. పిలుపు రాకుండా పూలామెను దాటిపోయిన గిరాకీని నేను నా చిన్నతనం నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే చూశాను.

డేరాలో నేనూ అట్లే నడిచాను. పక్కన అత్తరు అంగడి. ఆగి సీసాలు చూశాను, మూడు చేతి మీద పూయించుకున్నాను. పిలవలేదు. వీధి చివరిదాకా పోయాను. పిలవలేదు. ముసలాయన కదా, కళ్ళు ఆనలేదేమో అనుకుని, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి ఆయన కొట్టుకు ఎదురుగా మళ్ళీ ఒకసారి నడిచాను. సేటు ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తాడు. నన్ను చూశాడు. చిరునవ్వు నవ్వి, చెయ్యెత్తి, క్షేమంగా వెళ్ళి రమ్మన్నట్టు ఊపాడు.

ఫోనుకైనా పిలుస్తాడని కాచుకున్నాను. స్నానానికి పోతే ఫోను బాత్‌రూము కిటికీ మీద పెట్టుకునేదాన్ని. వేరే ఇంటర్వ్యూలు నాలుగో అయిదో అయ్యాయి. అందరూ కబురు చేస్తామన్నారు, ఎవరూ చేయలేదు. ఇరవై అయిదో రోజు, ముప్పయ్యో రోజు. రోజూ పొద్దున ఏడున్నరకు మంచం దిగి, రోజూ ఏదో ఒక వంకతో ఆ వీధి మొదట్లోకి పోయి, తొంగి చూసి, తిరిగి వచ్చేదాన్ని.

మా నాయనతో చెప్పాను. ఆయన మొత్తం విని ఒకే ప్రశ్న వేశాడు.

"ఎంత దూరం పోయినావు?"

"వీధి చివరిదాకా."

"పిలవలేదా?"

"లేదు."

"తమ్ముడు నీకని గల్లా పక్కన ఇంకో బల్ల వేయించినాడమ్మా. ఫ్యాను కిందికే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ బల్ల, దాని మీద చీటీల పుస్తకం, ఫ్యానుకు రెపరెపలాడే దాని కాగితాలు అన్నీ ఒక్కసారి కనిపించాయి. ఆ సాయంత్రం రెండు స్టాపుల ముందే బస్సు దిగి, చెప్పు తెగేదాకా నడిచాను.

ముప్పై ఆరో రోజు జ్వరం వచ్చింది. బయటి ఎండ, లోపలి ఏసీ, రెండూ కలిసి పట్టుకున్నాయి. మాల్ బెంచీ మీద కూర్చోలేక పదకొండు గంటలకే గదికి వచ్చేశాను. నా మంచం మీద, అంటే అప్పుడు నాది కాని మంచం మీద, పరగోడు అమ్మాయి నిద్రపోతోంది. నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. పళ్ళు టకటకమంటున్న చప్పుడుకేమో ఆమెకు మెలకువ వచ్చింది.

"ఏమక్కా, నీ పొద్దు కాదే ఇది?"

"జ్వరం. నువ్వు పడుకో."

ఆమె గోడ వైపు జరిగింది. "ఎక్కు. తల అటు పెట్టుకో."

ఒకరి కాళ్ళ దగ్గర ఒకరి తల పెట్టి పడుకున్నాము. ముప్పై ఆరు రోజుల్లో మేమిద్దరం ఒకేసారి ఆ మంచం మీద ఉండడం అదే మొదలు. రోజుకు రెండుసార్లు, దుప్పట్లు మార్చుకునే అయిదు నిమిషాల్లో ఆమెకు నా సంగతులు ముక్కలు ముక్కలుగానే తెలిసేవి. ఆ రోజు సేటు కథ పూర్తిగా చెప్పాను. చెయ్యి ఊపిన దగ్గర ఆమె మంచం ఊగేలా నవ్వింది.

"నవ్వకు. మా అంగడిలో అయితే పిలుస్తారు."

"అవునక్కా, పిలుస్తారు. మీ చింతామణి మండీకి మా నాయన టమోటా ఏసుకొని వస్తాండె. నేనూ ఆటోలో బాక్సుల మింద కూర్చొని వస్తాంటి. మీవోళ్ళు వచ్చి ఒక ధర చెప్పి, మా నాయన తల అడ్డంగా ఊపితే, అట్ల నడిచిపోతాండ్రి. నువ్వు చెప్పినట్లే, ఎనక్కి చూసేది లేదు. మా నాయన వాళ్ళ ఎనకాల పరిగెత్తుతాండె. 'అప్పా, అప్పా, నిలు' అని. ఎందుకు పరిగెత్తుతాండె?"

"ధర తగ్గించడానికి."

"టమోటా కుళ్ళిపోతాదని. సాయంత్రం అయితే పారబోసేదే. అందుకు." మోచేతి మీద లేచి నన్ను చూసింది. "ఆ సేటు కాడ కుళ్ళేది ఏముండాది, చెప్పు? పప్పులు. మిరపకాయలు. వాడెందుకు పరిగెత్తల్ల? నీ వీసాకు ఇంకెన్ని దినాలు ఉండాది?"

"ఇరవై నాలుగు."

"చూడు మరి. టమోటా నువ్వేనక్కా."

అని, అటు తిరిగి పడుకుంది. నేను దుప్పటి లోపల వణుకుతూ, ఇన్నేళ్ళు గల్లా వెనక నుంచి చూసిన వీధిని మొదటిసారి బాక్సుల మీద నుంచి చూశాను. నడిచిపోయేవాడి వీపు అంత గట్టిగా ఎందుకు ఉంటుందో, వెనకాల పరిగెత్తే వాడికే తెలుస్తుంది. మా వీధిలో నేను ఎప్పుడూ పరిగెత్తలేదు. పరిగెత్తడం అనేది మాకు వచ్చిన విద్య కాదు.

జ్వరం తగ్గాక, ముప్పై ఎనిమిదో రోజు పోయాను. సేటు గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. "నీకు వద్దని వెళ్ళిపోయావు కదమ్మా? పక్క అంగట్లో అత్తరు కూడా పూయించుకున్నావు. ఇంకెక్కడో మంచి పని దొరికిందని సంతోషించాను" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. నాలుగు రోజులు ఆగి ఆ పనిలో వేరొకర్ని పెట్టుకున్నాడట. రెండు వేల తొమ్మిది వందలకు.

"గోడౌనులో మూటల లెక్క రాసే పని ఉంది. రెండున్నర వేలు. రెండేళ్ళ ఒప్పందం. అది నీ చదువుకు తక్కువ పని."

నా నోరు తెరుచుకుంది. రెండు వేల ఏడు వందల యాభై అనే మాట నాలుక కొన దాకా వచ్చింది కూడా. "ఎప్పట్నుంచి రావాలి సేట్?" అని అడిగాను.

కాగితాలు అయ్యేసరికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. యాభై రోజులు నిండి, యాభై ఒకటో రోజు పొద్దున, మంచం దిగి, దుప్పటి మడిచి, మొదటిసారి ఎక్కడికి పోవాలో తెలిసి బయటికి నడిచాను. తలుపు దగ్గర పరగోడు అమ్మాయి ఎదురొచ్చింది.

"అక్కా, నా కమిషను?"

"ఏం కమిషను?"

"మీ మండీలో మా నాయన కాడ నూటికి పది పట్టుకుంటాండ్రి. సరుకు అమ్మించింది నేను కదా. నీ మొదటి నెల సంబళంలో నూటికి పది."

"అయిదు" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. తలుపు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు, నోరు దానంతట అదే అంది. ఆమె అలసిపోయి ఉంది, నిద్ర ముంచుకొస్తోంది. "సరే, అయిదే ఇయ్యి" అని పోయి పడుకుంది.

మొదటి జీతం వచ్చిన రోజు గోడౌను లెక్కల పుస్తకం వెనక అట్ట మీద ఇది రాసుకున్నాను. మంచం మీద మిగిలింది, రెండు నెలలకు ఎనిమిది వందలు. మంచం లేని పగళ్ళకు బయట తిన్నది, తాగినది, ఊరికే ఎక్కి దిగిన బస్సులు కలిపి రోజుకు పద్దెనిమిది చొప్పున యాభై రోజులకు తొమ్మిది వందలు. తెగిన చెప్పులకు బదులు కొత్తవి నలభై అయిదు. జ్వరం మాత్రలు పదిహేను. అంటే సగం ధర మంచం మీద నష్టం నూట అరవై. బకెట్టు ఉచితం కాబట్టి దాన్ని ఏ వైపూ రాయలేదు.

సేటు పిలుస్తాడని కాచుకున్న పంతొమ్మిది రోజులు, మూడు వేల జీతం లెక్కన రోజుకు వంద, పంతొమ్మిది వందలు. మూడు వేలకూ రెండున్నర వేలకూ తేడా నెలకు అయిదు వందలు, ఇరవై నాలుగు నెలలకు పన్నెండు వేలు. దీన్ని మొదట 'దురదృష్టం' అనే పద్దు కింద రాసి, కొట్టేసి, నా పేరు కింద రాశాను. కమిషను నూట ఇరవై అయిదు.

మొత్తం పద్నాలుగు వేల నూట ఎనభై అయిదు దిర్హాములు. దీంట్లో సేటు చేసిన తప్పు ఏమీ లేదు, కడప అక్క చేసిందీ ఏమీ లేదు. పరగోడు అమ్మాయి దగ్గర తగ్గించిన ఇంకో నూట ఇరవై అయిదును ఇందులో కలపలేదు. అది నా నష్టం కాదు, ఆమెది.